పాట ఆగిన గంట

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక పాత మేడ. పైన ‘కెరటం’ ఎఫ్ఎం స్టూడియో, కింద సత్యం రిపేరు షాపు. ఉదయం ఏడు దాటి ఒక్క నిమిషం.

“ఆపీసావా జ్యోతమ్మా?”

“ఆపేసాను దొరబాబు గారూ. ఎర్ర లైటు కూడా పోయింది, చూడండి.”

“పాటొకటే ఆపీసావా, మొత్తం ఆపీసావా?”

“మొత్తం. ఇప్పుడు మన స్టేషన్ పెట్టుకున్నోళ్ళకి వాన పడుతున్నట్టు సౌండొస్తాది, అంతే.”

“పద్దెనిమిదేళ్ళమ్మా! ఆ పెద్ద తుపానుకి ఈ మేడ మీది రేకులెగిరిపోయి గాజువాకలో పడ్డాయి. అప్పుడు కూడా జనరేటరెట్టి పాటేసాను. అలాటి స్టేషన్ ఆపడానికి నీకు సెయ్యెలాగొచ్చింది తల్లీ?”

“మీరే కదండీ ఆపమన్నారు.”

“నానా?”

“మీరే. నిన్న మన ఓనరు సాయిశంకర్ సార్ ముందు బల్ల గుద్ది మరీ అన్నారు. ‘ఒక్క గంట ఆపి సూడండి, కూర్మన్నపాలెం కూర్మన్నపాలెం లేచి వచ్చీత్తాది’ అని.”

“మాటవరసకన్నానమ్మా. మాటవరసకన్నదానికి స్విచ్చాపీత్తారేటి?”

“దొరబాబు గారూ, నేనిక్కడే కూర్చున్నాను.”

“ఉన్నారని తెలుసు సాయి బాబూ. మిమ్మల్నేటీ అన్లేదు. మీ నాన్నగారు శ్రీరామ్మూర్తి గారున్నప్పుడు కూడా ఆ కుర్చీలోనే కూకునేవోరు. ఆరు కూకుంటే ఆ కుర్చీ కిర్రుమనేది కాదు.”

“కుర్చీ సంగతి తర్వాత చూద్దాం. ఒప్పందం ఇంకోసారి చెప్పుకుందాం, తర్వాత అలా అనలేదు ఇలా అనలేదు అనకండి. ఏడు నుంచి ఎనిమిది దాకా స్టేషన్ బంద్. ఎందుకాగిందని పదిమంది, పదంటే పదిమంది, ఆ బల్ల మీదున్న ఫోన్‌కి ఫోన్ చెయ్యాలి. చేస్తే హైదరాబాద్ కంపెనీ వాళ్ళకి స్టేషన్ ఇవ్వనని చెప్పేస్తాను. ఇంకో ఏడాది నా జీతంలోంచే కరెంటు బిల్లు కడతాను. చెయ్యకపోతే ఎనిమిదింటికి ఈ కాగితాల మీద సంతకం పెట్టేస్తాను. సరేనా?”

“పదేటి బాబూ? పదంటే నాకే సిన్నతనంగా ఉన్నాది. వందెట్టండి.”

“వంద పెట్టమంటారా?”

“...పదుంచండి. ఆ ఫోను పాతది, వేడెక్కిపోద్ది.”

“సరే, పది.”

“జ్యోతమ్మా, ఫోన్ పన్జేత్తన్నాదా? ఓసారి ఎత్తి సూడు.”

“డయల్ టోన్ వస్తంది.”

“పెట్టీ, పెట్టీ! ఎత్తి అట్టుకుంటే ఎంగేజొత్తాది. పాపం ఎవులో సేత్తంటారు.”

“దొరబాబు గారూ, నిజం చెప్పండి. మీరసలు ఎంతమంది వింటున్నారని అనుకుంటున్నారు?”

“ఎంతమందేటి బాబూ? ఇటు అగనంపూడి కాణ్ణించి అటు ఎన్‌ఏడీ జంక్షన్ దాకా. బడ్డీ కొట్లు, మంగలి షాపులు, స్టీల్ ప్లాంట్ క్వార్టర్లు. రాత్రి సీ షిఫ్టు దిగి ఇంటికొచ్చి పడుకునేవోళ్ళు నా పాటింటూ పడుకుంటారు. పొద్దున్న ఏ షిఫ్టుకెళ్ళేవోళ్ళు నా పాటింటూ లేత్తారు.”

“ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

“ఎవులో సెప్పాలేటి? తెలుత్తాది.”

“ఎలా తెలుస్తుంది? ఈ గదికి కిటికీ కూడా లేదు.”

“కిటికీ ఉంటే లారీల హారన్లు మైకులోకి వచ్చీత్తాయి. మీ నాన్నగారే మూయించీసారు.”

“అంటే పద్దెనిమిదేళ్ళుగా మీరు చూసింది ఈ గోడనే.”

“మంచి గోడ బాబూ. ఎప్పుడూ ఎదురు సెప్పలేదు.”

“ఏడూ పది అయింది సార్.”

“చూశారా? పది నిమిషాలు. ఒక్కటీ రాలేదు.”

“జనం ఇప్పుడే కదా బాబూ పళ్ళు తోముకుంటారు. నోట్లో నురగెట్టుకుని ఎలాగ మాటాడతారు? ఏడుంబావు దాటనీండి. అయినా ఆ హైదరాబాదోళ్ళొచ్చి ఇక్కడేటి సేత్తారంట?”

“వాళ్ళు రారు. అక్కడ ఒక కంప్యూటర్ ఉంటుంది. పది ఊళ్ళకి అదే పాటలు పంపిస్తుంది.”

“మరి పాటకీ పాటకీ మధ్యన మాటాడేదెవులు?”

“అది... మీరే.”

“నానేనా! ఆ మాట ముందరే సెప్పొచ్చు కదా బాబూ. నన్నుంచుతారన్నమాట.”

“మిమ్మల్ని కాదు. మీ గొంతుని.”

“అదేటి?”

“మీ గొంతు ఒక పది గంటలు రికార్డు చేసి ఇస్తే చాలట. తర్వాత కంప్యూటరే మీ గొంతుతో మాట్లాడుకుంటుంది.”

“అంటే గొంతుంటాది, నానుండను.”

“అంతే అనుకోండి.”

“ఓలమ్మో! జ్యోతమ్మా, ఇన్నావా? నా గొంతు డ్యూటీకి ఎల్తాదంట, నాను ఇంటికాడుంటానంట. మరి జీతం ఎవులికిత్తారు బాబూ, గొంతుకా?”

“ఒకేసారి ఎంతో కొంత ఇస్తారు.”

“ఆ గొంతుకి జలుబు సేస్తే?”

“చెయ్యదు.”

“తుమ్మొస్తే?”

“రాదు దొరబాబు గారూ.”

“మరి అదేటి గొంతు? తుమ్ము రాని గొంతు నాది కాదు. ఒకసారి వార్తలు సదువుతూ మూడు తుమ్ములు తుమ్మీసాను. అది ఇని పెళ్ళిచూపులకి బయల్దేరినోళ్ళు ఆగిపోయారంట.”

“ఇది కూడా ‘తెలుత్తాది’ రకమేనా?”

“ఇది మా ఆవిడ కామేశ్వరి సెప్పింది. మా ఎదురింట్లోనే ఆ పెళ్ళిచూపులు.”

“జ్యోతిర్మయి గారూ, మీరేం మాట్లాడరేంటి? స్టేషన్ పోతే మీ సంగతేంటి?”

“నేను బయోడేటా పంపేసాను సార్.”

“ఇన్నారా బాబూ! ఓడ మునక్కముందే ఎలక... నిన్ను కాదులే తల్లీ. ఎక్కడికి పంపావు?”

“మధురవాడలో ఒక ఆఫీసుకి.”

“ఏ ఆఫీసు? మాది మధురవాడే.”

“మీ ఆఫీసుకే సార్. మీరింకా చూసుకోలేదనుకుంటాను.”

“...ఓహో.”

“ఫోను! బాబూ, ఫోను! మోగింది! నాను సెప్పానా లేదా? ఎత్తమ్మా, స్పీకరెట్టు, అందరం ఇందాం. ఒకటి! రాసుకోండి బాబూ, ఒకటి!”

“గుడ్ మార్నింగ్ సర్. మీకు పర్సనల్ లోన్ ఏమైనా అవసరమా సర్?”

“అమ్మా, లోన్ వద్దు గానీ, నువ్వు రేడియో ఇంటావా?”

“సర్?”

“రేడియో తల్లీ. కెరటం ఎఫ్ఎం. పాట రావట్లేదేటని ఒక్క ముక్క అడుగు.”

“సర్, నేను బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను సర్.”

“ఎక్కడ్నించి మాటాడితే ఏటి, అడగడానికి డబ్బులవుతాయేటి? ‘పాట ఎందుకు ఆగింది’ అను. మూడు ముక్కలు.”

“దొరబాబు గారూ! పెట్టేయండి ఫోన్.”

“పెట్టీత్తన్నాను బాబూ. ఆ పిల్ల అనబోతుండగా మీరు అరిసీసారు.”

“అది లెక్కలోకి రాదు.”

“సగం కూడా రాదా?”

“రాదు. అసలు ఈ స్టేషన్‌కి ఎవరైనా యాడ్ ఇచ్చి ఎన్నాళ్ళయింది? చెప్పండి. బంగారం షాపులు పోయాయి, చీరల షాపులు పోయాయి, కాలేజీలు పోయాయి.”

“ఒకటున్నాది కదా బాబూ. మా బావది. కింద సత్యం.”

“ఆయన డబ్బులిస్తాడా?”

“టీలిత్తాడు. రోజుకి ఆరు. ఈ ఫ్యాను పాడైతే బాగు సేత్తాడు. ఆ యాడు నానే రాసాను. ‘పాట ఆగిందా? కంగారు పడకండి! తుపానుకే ఆగని కెరటం ఎక్కడా ఆగదు. పాడైంది మీ సెట్టే! నేడే రండి, సత్యం రిపేర్లు, కూర్మన్నపాలెం జంక్షన్.’ ఎలాగున్నాది?”

“అది రోజుకి ఎన్నిసార్లు వేస్తారు?”

“వేరే యాడ్లు లేవు కదా. కాళీ ఉన్నప్పుడల్లా అదే. గంటకి నాలుగో అయిదో.”

“ఆరు టీలకి రోజుకి యాభైసార్లు యాడ్! నాన్న ఈ స్టేషన్‌ని ఎలా నడిపారో ఇప్పుడర్థమవుతోంది.”

“మీ నాన్నగారికి ఆ యాడంటే శానా ఇష్టం బాబూ. ‘ఆగని కెరటం’ అన్నకాడ రోజూ తలూపేవోరు. అదుగో, మాటల్లోనే ఫోన్ సేత్తన్నాడు మా బావ. నా సెల్లుకి.”

“తీయండి మరి.”

“ఈడికి పొద్దున్నే టీ తాగడానికి తోడు గావాల. కట్ సేసీసాను. ఇయ్యాల టీలు తాగే రోజేటి? మనం సూసుకోవలసింది ఆ బల్ల మీద ఫోను.”

“ఏడూ ఇరవై.”

“జ్యోతమ్మా, నువ్వు టైము సెప్పకు తల్లీ. ఎవులైనా నిన్నడిగారేటి?”

“కింద ఏదో గోలగా ఉందండీ.”

“ఆటోలోళ్ళు బేరాల కాడ తన్నుకుంటంటారు. రోజూ ఉన్నదే. ఆ తలుపెట్టీ, ఫోన్ ఇనబడదు.”

“పెట్టేసాను.”

“గట్టిగా! ఆఁ. ఇప్పుడు సీమ నడిసినా ఇనబడతాది.”

“దొరబాబు గారూ, ఒక పని చేద్దాం. రోజూ మీరు పేర్లు చదువుతారు కదా, ఫలానా వాళ్ళు ఈ పాట అడిగారని. వాళ్ళలో ఒక్కరి నంబర్ ఇవ్వండి. నేనే చేసి అడుగుతాను, స్టేషన్ ఆగిందని తెలిసిందా లేదా అని. తెలిసిందంటే దాన్ని అయిదు కింద లెక్కేస్తాను.”

“అయిదేటి!”

“అయిదు. రోజూ ఏడున్నరకి ఒకావిడ కోసం పాటేస్తారు చూడండి. చిట్టమ్మ. ఆవిడ నంబరివ్వండి.”

“సిట్టమ్మ గారా... ఆవిడికి ఫోన్ లేదు బాబూ.”

“ఉత్తరం రాస్తుందా?”

“ఆఁ... రాస్తాది. రాయిస్తాది. మనవరాలి సేత.”

“ఒక ఉత్తరం చూపించండి.”

“ఉత్తరాలు... జ్యోతమ్మా, ఆ ఉత్తరాలెక్కడున్నాయి?”

“నన్నడక్కండి దొరబాబు గారూ.”

“సెదలట్టీసాయేమో.”

“మొన్నటి ఉత్తరానికి చెదలు పట్టేసిందా?”

“మొన్నటిదా? మొన్నటిదంటే...”

“దొరబాబు గారూ. చిట్టమ్మ ఉందా, లేదా?”

“...లేదు బాబూ.”

“లేదా?”

“లేదు. నానే పుట్టించాను. ఆరేళ్ళయింది. ముందర బస్తాలతో వచ్చీవి ఉత్తరాలు. తర్వాత సంచితో వచ్చీవి. తర్వాత జేబులో పట్టీవి. ఒకరోజు పోస్టుమేన్ వచ్చి మంచినీళ్ళు తాగీసి ఎల్లిపోనాడు. ఆ రోజు మైకు ముందు కూకున్నాను. ఎవులికేసేది పాట? ఈ గోడకా? నోటికొచ్చిన పేరు సెప్పీసాను. ‘కూర్మన్నపాలెం నుంచి చిట్టమ్మ గారు అడిగారు’ అని. పాట బాగా వచ్చింది. మర్నాడు మళ్ళీ ఆవిడే అడిగినాది.”

“ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి కూడా అడుగుతుంటారు కదండీ రోజూ.”

“అరవయ్యేళ్ళ మడిసికి మోకాళ్ళ నెప్పి ఉండదేటి జ్యోతమ్మా? ఆ మాత్రం అడక్కపోతే మరియాదేటి?”

“లేని మనిషి మోకాళ్ళ నొప్పి అడగడానికి నేను కరెంటు బిల్లు కడుతున్నానా!”

“ఉన్నట్టే ఉంటాది బాబూ. ఆమాసకి ఎక్కువవుద్ది.”

“ఇక చాలు. కాగితాలు ఇటివ్వండి.”

“ఇంకా అరగంటున్నాది! ఎనిమిదన్నారు, ఎనిమిదే. అదుగో, ఫోను! మోగింది! సూసారా, దేవుడున్నాడు!”

“స్పీకర్ పెట్టండి జ్యోతిర్మయి గారూ. ఈసారి మీరు మాట్లాడకండి దొరబాబు గారూ, నేను మాట్లాడతాను. హలో?”

“హలోఁ. కెరటం ఎఫ్ఎమ్మేనా అండీ?”

“అవునండీ. ఎవరు?”

“నేను మధులతని మాట్లాడుచున్నానండీ. మధురవాడ నుండి. పాటలు రావడం లేదు, మాకు చాలా బాధగా ఉన్నది. మా ఇంటిలో ఎవరూ టిఫిన్ కూడా తినలేదు.”

“అయ్యో! మధురవాడలో ఎక్కడండీ?”

“మధురవాడలోనేనండీ.”

“అదే, ఎక్కడ? నేనూ అక్కడే ఉంటాను.”

“మీరూ అక్కడేనా? ...పెద్ద మేడండీ. మేడ మీద.”

“ఏ వైపు?”

“మేడకి... ఎడంవైపు. ఏటండీ ఇన్ని ప్రశ్నలు? రేషన్ కార్డుకి వచ్చినట్టు అడుగుతారేటి! పాట రాలేదని సెప్తే రాసుకోవాల గానీ.”

“రాసుకుంటానండీ. కామేశ్వరి గారని రాసుకోమంటారా?”

“...పేరు ఎలా తెలిసిపోనాది? ఏవండీ! మీరక్కడే ఉన్నారా? ఏటి పలకరు? నాను ముందరే సెప్పాను, నా వల్ల అవదని. మీరే మెసేజెట్టారు, మధులతని సెప్పు, మధురవాడని సెప్పు అని. ఇంతకీ వచ్చేటప్పుడు పెరుగు పేకట్టు తెండి.”

“...పెట్టేసింది సార్.”

“దొరబాబు గారూ.”

“బాబూ.”

“మీ ఆవిడ మీ రేడియో వింటుందా?”

“ఇంటాది. కాదనను. కానీ ఇవాళ ఆవిడ సెట్టు బాగులేదంట. అందుకే నాను మెసేజ్ ఎట్టేదాకా తెలీలేదు, స్టేషన్ ఆగిందని.”

“మీ ఇంట్లోనే తెలీలేదు!”

“సెల్లు మళ్ళీ కొడతన్నాది. మా బావే. ఇది నాలుగోసారి. ఈడికేటి బుద్ధుండదా? సావుకబురు సెప్పినట్టు ఆగకుండా కొడతన్నాడు.”

“ఒక్కసారి తీసి మాట్లాడొచ్చుగా.”

“మాటాడి ఏటి సెప్పాల? ‘బావా, రేపట్నించి నీ యాడు లేదు, నా టీ లేదు’ అని సెప్పాలేటి? స్విచ్చాఫ్ సేసీసాను.”

“ఏడూ యాభై.”

“జ్యోతమ్మా...”

“చెప్పకూడదనే అనుకున్నాను. నోరాగలేదండీ.”

“ఆ ఎర్ర లైటు లేకపోతే ఈ గది ఏటోలా ఉన్నాది కదూ. శవం లేచిపోయిన ఇల్లులాగ.”

“అలా అనకండి దొరబాబు గారూ. నేను కావాలని చేస్తున్నానా? నాన్న పోయి రెండేళ్ళయింది. ఈ స్టేషన్ పేరెత్తితే నాకు ఆయనే గుర్తొస్తారు. స్నానం చేస్తూ మీ పాటలకి గొంతు కలిపేవారు, ఒక్క ముక్క శ్రుతిలో ఉండేది కాదు. ఇందాకట్నించి నేనూ ఆ ఫోన్ వైపే చూస్తున్నాను. పది రావాలని మీకంటే నేనే ఎక్కువ కోరుకున్నానేమో.”

“మరి రాలేదు కదా బాబూ.”

“రాలేదు.”

“నాకు నిజంగా భయమేస్తంది సాయి బాబూ. ఉద్యోగం పోతాదని కాదు. అదీ ఉన్నాదనుకోండి, ఈ వయసులో నాకెవులిత్తారు? అది కాదు. పద్దెనిమిదేళ్ళు మాటాడాను. ఒక్కసారి ఆగితే, ఎందుకాగావు అని అడిగినోడు లేడు. అంటే అన్నాళ్ళూ నాను ఒక్కన్నే మాటాడుకున్నట్టు కదా? దాన్నేటంటారు బాబూ? పిచ్చంటారు.”

“దొరబాబు గారూ, నేను విన్నానండీ. ఈ గదిలో కూర్చుని, రోజూ.”

“నీకు జీతమిత్తే ఇన్నావమ్మా. బయోడేటా పంపీసావు కూడాను.”

“పంపాను. ఏడుస్తూ పంపాను.”

“ఎనిమిది. నా వాచీలో ఎనిమిది.”

“మీ వాచీ ముందుకుంటాది బాబూ.”

“ఫోన్‌లో కూడా ఎనిమిదే. దొరబాబు గారూ, పెన్నివ్వండి.”

“నా సేత్తో నానే ఇవ్వాలేటి? ...ఇదుగో. ఒక్క కోరిక బాబూ. మీరు సంతకమెట్టినాక, ఒక్క నిమిషం స్విచ్చేయించండి. సెలవని సెప్పుకుంటాను.”

“ఎవరికి?”

“సిట్టమ్మ గారికి. ఆవిడొక్కతే కదా ఉన్నాది. ఏడున్నర పాట కూడా ఏసుకోలేదు ఇయ్యాల.”

“సరే. చెప్పుకోండి. ఎక్కడ పెట్టాలి సంతకం, ఇక్కడా?”

“ఎవరో తలుపు బాదుతున్నారండీ!”

“తీయి జ్యోతమ్మా. హైదరాబాద్ గొంతు అప్పుడే వచ్చీసిందేమో.”

“బావా! ఓరి బావా! నీకు ఫోనెందుకురా, నీటిలో పారీయి! ఆరుసార్లు సేసాను. కట్ సేత్తావా? నా పేణం పోతంది కింద!”

“ఏటి సత్యం బావా, ఆ సెమటలేటి? టీ కోసం ఇంత రభసేటి?”

“టీ ఏటి, టీ! ఏటయిపోనాదిరా ఈవేళ లోకానికి? ఏడు గంటల కాణ్ణించి అందరి రేడియోలూ ఒక్కసారే పాడైపోనాయి!”

“...ఏటి?”

“ముప్పయ్యేడు సెట్లు! షాపు నిండిపోనాది, మెట్ల మీద కూకున్నారు, రోడ్డు మీద లైను కట్టారు. మంగలి షాపు రేడియో, బడ్డీ కొట్టు రేడియో. ఆటోలోళ్ళయితే ఆటోలే అట్టుకొచ్చీసారు. క్వార్టర్ల కాణ్ణించి సీ షిఫ్టోళ్ళు, పాట లేక నిద్దర పట్టట్లేదని లుంగీల మీద వచ్చీసారు. తొమ్మిది సెట్లిప్పీసాను. ఒక్కదాన్లోనూ రోగం లేదు! నానే పని మర్చిపోయానేటని ఇప్పిందే మళ్ళీ ఇప్పుతన్నాను.”

“ఒక్క నిమిషం సత్యం గారూ. వాళ్ళందరూ మా స్టేషన్ కోసం వచ్చారా?”

“మరింకేటికొస్తారు బాబూ?”

“మరి ఒక్కరైనా మాకు ఫోన్ చెయ్యలేదేం? స్టేషన్ ఆగిపోయిందేమోనని ఎవరికీ అనుమానం రాలేదా?”

“నాకొచ్చింది బాబూ. పైన ఆగిందేమో అన్నాను. కొట్టడానికొచ్చారు నన్ను! ‘కెరటం ఆగదు, పాడైంది మీ సెట్టే అని రోజుకి యాభైసార్లు సెప్పించేది నువ్వే కదా, ఇప్పుడు బాగు సెయ్యడం సేతకాక దొరబాబు మీదకి తోసీత్తావేటి’ అన్నారు. పాడైంది ఆళ్ళ సెట్టయితే మీకెందుకు ఫోన్ సేత్తారు?”

“జ్యోతమ్మా... నన్ను కూకోబెట్టు తల్లీ.”

“నాకు ఏడుపొస్తోందండీ, మీరే కూర్చోండి.”

“ఆ ఏడుపులెందుకో నాకు తెల్దు గానీ, ముందర సిట్టమ్మ సంగతి సెప్పు బావా. నన్ను సంపీత్తన్నాది.”

“ఎవులు?”

“సిట్టమ్మ. ప్లాంట్ గేటు కాడ ఇడ్లీలమ్మీ ముసిల్ది. తువ్వాల్లో రేడియో సుట్టుకుని అందరికంటే ముందొచ్చినాది. ‘ఏడున్నర దాటిపోనాది, దొరబాబు నా పేరు సెప్పీసుంటాడు, నాను ఇన్లేదు’ అని ఒకటే శోకాలు. నానడిగాను, రోజూ ఉత్తరం రాస్తావేటే అని. ‘నాకు రాతెక్కడొచ్చు? నానెప్పుడూ ఆయన్ని ఏదీ అడగనే లేదు. ఆరేళ్ళ కాణ్ణించి ఆయనే నా పేరు సెప్పి పాటేత్తాడు. నా మోకాళ్ళ నెప్పి సంగతి ఆయనకెలాగ తెలిసిపోనాదో మరి’ అంటన్నాది. బావా? ఏటి ఆ సూపు? ఏటయిందిరా నీకు?”

“ఏటీ అవలేదు బావా. ఆవిడికి... ఇయ్యాల నెప్పి ఎలాగున్నాదంట?”

“నీ మెట్లెక్కలేక కిందుండిపోనాది. లేకపోతే తనే వచ్చీసును.”

“జ్యోతిర్మయి గారూ, స్విచ్ వెయ్యండి.”

“మరి కాగితాలు సార్?”

“సత్యం గారికివ్వండి. విప్పిన సెట్ల కింద పరుచుకుంటారు.”

“ఒప్పందం ఫోనుకే కదా సాయి బాబూ. ఒక్కటీ రాలేదు. మాట మాటే, నాను కాదనను.”

“ముప్పై ఏడు మంది గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఇంకా ఫోనెందుకండీ? మీరు మైకు ముందు కూర్చోండి. ముందు చిట్టమ్మ గారి పాట. మీకు తుమ్మొచ్చినా ఫరవాలేదు. వెయ్యండి జ్యోతిర్మయి గారూ స్విచ్!”

“ఆగు జ్యోతమ్మా! ఆగు తల్లీ, నీకు పున్నెముంటాది! తొమ్మిది సెట్లిప్పి కూడా సేతకానోణ్ణనిపించుకున్నాను కింద. నన్నొక్కసారి ఎల్లి, ఆ సిట్టమ్మ రేడియో సేతిలో అట్టుకుని, దాని మీద రెండు దెబ్బలు ఎయ్యనీ... అప్పుడెయ్యి స్విచ్చి!”